గురువారం పడిన క్రిస్మస్: నీచు లేని పెద్ద వంటకం, ప్రాజెక్టు డైరీ

2025లో డిసెంబరు 25 గురువారం. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ ఒక్క ముక్క చెబితే చాలు, సంగతేమిటో అర్థమైపోతుంది. మా వీధిలో సగం ఒడియా ఇళ్ళే. గురువారం లక్ష్మీదేవి వారం కాబట్టి ఆ ఇళ్ళల్లో చాలామంది నీచు ముట్టరు, ఉల్లి వెల్లుల్లి కూడా పక్కన పెట్టేస్తారు. 2014 తర్వాత క్రిస్మస్ మళ్ళీ గురువారం పడడం ఇదే. 2023లో సోమవారం పడినప్పుడు కూడా కొందరు మటన్ తినలేదు. వాళ్ళకి వేరే గిన్నెలో పన్నీరు కూర చేసి పెట్టాం. కూర బాగానే కుదిరింది. కానీ ఒకే బంతిలో కూర్చున్నవాళ్ళలో కొందరికి వేరే గరిటె, వేరే గిన్నె అంటే పిలిచిన పిలుపుకి అర్థం లేదనిపించింది.

అందుకని ఈసారి పండగ మటన్ బిర్యానీకి తోడుగా కాకుండా దాని స్థానంలోనే నిలబడే వంటకం ఒకటి కావాలి. ఇంకెవరైనా ఇదే చేయాలనుకుంటే పనికొస్తుందని కొలతలు, ఖర్చులు, ఎక్కడ చెడిందో అన్నీ రాస్తున్నాను. వేడి అంతా సెల్సియస్ డిగ్రీల్లో. 24 మందికి భోజనం.

షరతులు

1. పెద్ద వంటకం అందరికీ ఒకటే. వెజ్ వాళ్ళకి వేరు, మనకి వేరు అని ఉండకూడదు.
2. ఉల్లి, వెల్లుల్లి వెయ్యకూడదు.
3. నిండుగా తెచ్చి బల్ల మీద పెట్టి, అందరి ముందూ కోసి వడ్డించేలా ఉండాలి. పండగ భోజనంలో ఆ కోయడమే సగం.
4. ఉదయం 9 నుంచి 12 దాటేదాకా అందరం ఆరాధనలో ఉంటాం. ఆ సమయంలో వంట తన పని తాను చేసుకోవాలి.
5. డిసెంబరులో మన మార్కెట్లో దొరికే సరుకే కావాలి.

అయిదో షరతుతోనే రెండు కొట్టుకుపోయాయి. లేత పనస మా వైపు ఇంకా అందదు. వరిగడ్డి మీద పెంచే పాల ఛతు పుట్టగొడుగుకి 30 డిగ్రీల పైన వేడి కావాలి, చలికాలంలో సరిగా రాదు. ఈ నెలలో దొరికేది ధింగిరి, అంటే ఆయిస్టర్ రకం.

పనిముట్లు

వంటింటి డిజిటల్ కాటా, ఓవెన్‌లో పెట్టే ముల్లు థర్మామీటర్, లోపలికి గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్. ఈ మూడోదాన్ని మాంసం థర్మామీటర్ అనే అమ్ముతారు, మనకి గుమ్మడికాయకి పనికొచ్చింది. ఇవి కాక ఇనప పెనం, పొడవాటి ఇనప చెంచా, అడ్డాకులు, అంచున్న స్టీలు పళ్ళేలు. పనిముట్ల ఖర్చు లెక్కలో వెయ్యలేదు.

దశ 1: కంద పలకలు

కందతో మొదలుపెట్టడానికి కారణం బిగువు. కాల్చిన తర్వాత కూడా పంటికి కాస్త పని చెప్పే దుంప అది. ఇప్పుడే తవ్వకాల కాలం కూడా. కిలోన్నర కొన్నాను. చెక్కు, మొదలు తీసేస్తే 1,150 గ్రాములు మిగిలింది. రెండున్నర సెంటీమీటర్ల మందాన పలకలు కోశాను.

దురద సంగతి ముందు తేల్చుకోవాలి. కందలో సూది ఆకారపు కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, గొంతులో గుచ్చుకునేవి అవే. సగం పలకల్ని ఉత్తి ఉప్పునీళ్ళలో, సగాన్ని లీటరుకి 40 గ్రాముల చింతపండు, చెంచాడు పసుపు వేసిన నీళ్ళలో, రెండింటినీ 12 నిమిషాల చొప్పున ఉడికించాను. ఉప్పునీళ్ళవి నాలుక చివర చిరచిరలాడాయి. చింతపండువి ఏమీ అనలేదు. కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర రకానికి దురద తక్కువ. కానీ సంతలో రకం పేరు అడిగితే నవ్వుతారు, అందుకని చింతపండు తప్పనిసరి అనుకోండి.

పెనం మీద నెయ్యి వేసి రెండు వైపులా కాల్చితే పైన మంచి గోధుమరంగు పొర కట్టింది. రుచిలో వంక లేదు, చిక్కంతా మిగతా వాటిలో ఉంది.

- 12 నిమిషాలు ఉడికిస్తే నడుమ గట్టి. 16 నిమిషాలైతే నడుమ సరే గానీ అంచులు పొడిపొడిగా రాలిపోతాయి.
- పెనం మీద ఒక విడతకి నాలుగు పలకలు, 20 నిమిషాలు. మనిషికొకటి చొప్పున 24 కావాలంటే రెండు గంటలు పొయ్యి ముందే నిలబడాలి. నాలుగో షరతు పోయింది.
- పళ్ళెంలో పెడితే పక్క కూరలాగే ఉంది.

పాతపట్నం నుంచి వచ్చిన మా పిన్ని ఇదంతా చూసి, “కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబూ? ఆళ్ళే తినకుండా ఊరుకుంటే నీకేటి బాధ?” అంది. కంద కోస్తుండగా ఈ సామెత వినాల్సిరావడం నా కర్మ.

పలకలు వద్దు. ముక్కలుగా కోసి, చింతపండు నీళ్ళలో 10 నిమిషాలు ఉడికించి వేయించిన కందని మాత్రం ఉంచుకున్నాను.

ఖర్చు: కంద 75, చింతపండు వగైరా 20, బొగ్గు 40. ఈ దశ 135, ఇప్పటిదాకా 135 రూపాయలు.

దశ 2: బొంగు

బొంగులో చికెన్ అరకులో టూరిస్టులకి తెలిసింది గానీ, వెదురులో వండడం ఈ కొండల్లో ఎప్పటినుంచో ఉన్నదే. గుమ్మ వైపు నుంచి కూరలు తెచ్చే సవర ఆమె నాలుగు పచ్చి బొంగులు తెచ్చిపెట్టింది. ఒక్కోటి 40 సెంటీమీటర్ల పొడవు, లోపల అయిదు సెంటీమీటర్ల వెడల్పు, ఒక కొసన కణుపు ఉంచి కోసినవి. ముదిరినవి, ఎండినవి వద్దని ఆమె ముందే చెప్పింది. ఒక బొంగుని మాత్రం రెండు రోజులు ఎండలో వదిలేసి చూశాను. నిప్పు మీద పావుగంటకే నిలువునా చీలి, మసాలా నీళ్ళన్నీ బూడిదలో కలిశాయి. పచ్చివి మూడూ నిలబడ్డాయి.

లోపల ధింగిరి పుట్టగొడుగు, అల్లం, కొబ్బరి ముద్ద. మూడింట రెండు వంతులే నింపి, అడ్డాకు ఉండచుట్టి మూత బిగించాను. 40 నిమిషాలు తిప్పుతూ కాల్చితే వెదురు వాసన బాగా పట్టింది. పుట్టగొడుగు మాత్రం ఉడికిపోయి జారుడుగా తయారైంది. దానిలో 90 శాతం దాకా నీళ్ళే. బొంగు మూసి ఉంటే ఆ నీళ్ళు ఆవిరై అక్కడే తిరుగుతాయి. లోపల వేడి 100 దాటదు, వేగిన రుచి రావాలంటే 140 అయినా కావాలి. చికెన్‌కి కొవ్వు, ఎముక రసం ఉండబట్టి ఈ లోటు కనబడదు.

పైగా తిప్పడానికి ఒక మనిషి అక్కడే ఉండాలి, కోసి వడ్డించేదీ లేదు. బొంగు వద్దు.

ఇక్కడ దక్కిన పాఠం ఒకటే: పుట్టగొడుగుని ముందే ఉత్తి ఇనప పెనం మీద, నూనె లేకుండా, నీళ్ళు పోయేదాకా వేయించాలి. 500 గ్రాములు 270 అయ్యేదాకా. ఆ తర్వాతే నెయ్యి, ఉప్పు.

ఖర్చు: బొంగులు 80, పుట్టగొడుగు 100, ఆకులు 20. ఈ దశ 200, ఇప్పటిదాకా 335 రూపాయలు.

దశ 3: పెద్ద గుమ్మడి, ఊక గొయ్యి

నిండుగా తెచ్చి కోయడానికి తీపి గుమ్మడిని మించింది ఏముంది? ఆరు కిలోల కాయ తెచ్చాను. పక్కింటి ఒడియా మౌసీ (పిన్ని వరస పిలుపు) చూడ్డానికి వచ్చింది. నా భార్య కత్తి తీయబోతే ఆమె ఆపి, “నిండు కాయకి మొదటి గాటు ఆడది పెట్టకూడదు, నువ్వు పెట్టు బాబూ” అని నాకు ఇప్పించింది. వాళ్ళింట్లో అది పట్టింపు. అసలు ఆమె తినాలనే ఇదంతా, కాబట్టి మారు మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా ప్రతి కాయకీ మొదటి గాటు నాదే.

గోడ మందం అయిదున్నర సెంటీమీటర్లు. లోపల నానబెట్టిన పచ్చి బియ్యం, కంద ముక్కలు, నీళ్ళు. కోతలైపోయాయి కాబట్టి ఊకకి కొదవ లేదు. పెరట్లో రెండడుగుల గొయ్యి తీసి, ఊక నిప్పు పరిచి, అడ్డాకులు చుట్టిన కాయని పెట్టి, పైన మళ్ళీ ఊక కప్పాను. మూడు గంటల తర్వాత తీస్తే:

- అడుగు గోడ 96, రెండు సెంటీమీటర్ల మేర నల్లగా మాడింది
- మూత దగ్గర 78, ఇంకా గట్టిగా
- నడిమధ్య 58, బియ్యం పచ్చి

అంచున ఉన్న బియ్యం ముద్ద, నడుమ ఉన్నది పలుకు. మొత్తానికి బూడిద వాసన.

లోపం కాయ సైజులో ఉంది. మందం రెట్టింపైతే వేడి లోపలికి చేరే సమయం దాదాపు నాలుగింతలు అవుతుంది. గుమ్మడి గుజ్జు 85 దాటాక మెత్తబడడం మొదలుపెడుతుంది. నడుమ బియ్యం 75కి వచ్చేలోపు గోడ చాలాసేపు 95 దగ్గర కూర్చుంటుంది, ఇక కూలకేం చేస్తుంది? నిప్పు పెంచినా తగ్గించినా ఇది మారదు. రెండే దారులు. కాయ చిన్నదవ్వాలి, కూరేది వేడిగా, మూడొంతులు ఉడికి వెళ్ళాలి.

ఖర్చు: కాయ 150, కూరిన సరుకు 90, ఊక 30. ఈ దశ 270, ఇప్పటిదాకా 605 రూపాయలు.

దశ 4: చిన్న కాయలు, ఇంటి ఓవెన్

రెండున్నర కిలోల కాయలు రెండు. గోడ మూడున్నర సెంటీమీటర్లు, గింజలు, పీచు తీస్తే 350 గ్రాములు పోతుంది. మన ఓవెన్‌లో ఒకసారి ఒక్కటే పడుతుంది. రెండింటికీ 180 డిగ్రీలే.

మొదటి కాయ: చల్లటి కూరు (లోపల నింపే సరుకు), కాయ పచ్చిది.
- 60 నిమిషాలకి గోడ 88, నడుమ 54
- 90 నిమిషాలకి గోడ 95, నడుమ 71. అప్పటికే ఒక పక్క జారిపోయింది.

రెండో కాయ: లోపల ఉప్పు రాసి, ఖాళీగా 25 నిమిషాలు కాల్చి, ఊరిన నీళ్ళు వంపేసి, 75 డిగ్రీల వేడి మీదున్న కూరు నింపినది.
- 60 నిమిషాలకి గోడ 92, నడుమ 90. నిటారుగా నిలబడింది.

ఆ వంపేసిన నీళ్ళు కొలిస్తే 110 మిల్లీలీటర్లు. మొదటి కాయలో అవన్నీ అన్నంలోకే పోయాయన్నమాట, జావ అవ్వడానికి సగం కారణం అదే.

బియ్యం కొరాపుట్ కలాజీరా. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే ముద్ర) వచ్చాక ఆ పేరుతో సంచులు ఎక్కువయ్యాయి, గుప్పెట్లో రుద్ది వాసన చూసి కొనండి. గింజ చిన్నది, త్వరగా ఉడుకుతుంది: 20 నిమిషాలు నానబెట్టి, మరిగే నీళ్ళలో అయిదు నిమిషాలు, వెంటనే వార్చెయ్యాలి.

ఖర్చు: కాయలు 125, సరుకు 140. ఈ దశ 265, ఇప్పటిదాకా 870 రూపాయలు.

దశ 5: బేకరీ బట్టీ

పద్ధతి దొరికింది గానీ ఒక్కో కాయకి గంటన్నర చొప్పున ఆరు కాయలు మన ఓవెన్‌లో అయ్యే పని కాదు. క్రిస్మస్ వారంలో ఊళ్ళో చాలామంది కేకు పిండి కలుపుకుని బేకరీకి తీసుకెళ్ళి కాల్పించుకుంటారు కదా, అక్కడే ఈ ఆలోచన వచ్చింది. పొద్దున బన్నులు తీసేశాక కట్టెల బట్టీ మధ్యాహ్నం దాకా చల్లారుతూ ఖాళీగా ఉంటుంది. యజమానిని అడిగితే, “గుమ్మడికాయా? సరే పెట్టుకో అన్నా, పేలితే నువ్వే కడగాలి” అన్నాడు.

లోపల ముల్లు థర్మామీటర్ పెట్టి చూసినవి:
- 6.30కి 210
- 8.00కి 190
- 10.00కి 165
- 12.00కి 145

తగ్గుతూ పోయే వేడి దీనికి అచ్చంగా సరిపోయింది. మొదట పైన రంగొస్తుంది, తర్వాత నెమ్మదిగా లోపలికి మగ్గుతుంది. 9కి ఒక కాయ పెట్టి 11కి తీస్తే నడుమ 94, గోడ మెత్తగా, ఆకారం చెడలేదు. ఆరు కాయలు ఒకేసారి పెడితే ఆ బరువే వేడిని లాక్కుంటుంది కాబట్టి పండగనాడు మూడు గంటలు వదలాలని లెక్క వేసుకున్నాను. ఆరాధన కూడా సరిగ్గా అంతసేపే.

పళ్ళెం సంగతి. చదును ట్రేలో పెడితే కాయ అడుగు మెత్తబడి పక్కకి పరుచుకుంటుంది. కాయ ఇమిడిపోయే అంచు పళ్ళెంలో అడ్డాకు వేసి పెడితే అంచు పట్టుకుని ఉంటుంది, వడ్డించడానికీ అదే పళ్ళెం.

ఖర్చు: కాయ 65, సరుకు 85, బట్టీకి 50. ఈ దశ 200, ఇప్పటిదాకా 1,070 రూపాయలు.

రుచి

ఉల్లి వెల్లుల్లి లేకపోతే మసాలాకి అడుగు ఉండదు, గరం మసాలా పెంచితే మందు వాసన వస్తుంది. దీన్ని తీర్చింది మౌసీయే. జీలకర్ర, ఎండుమిర్చి విడిగా నల్లబడే ముందు దాకా వేయించి బరకగా దంచిన పొడి, వంట దించాక పైన చల్లేది, ఒడియా వంటింట్లో ఎప్పుడూ ఉంటుంది. “ముందు వేస్తే చచ్చిపోద్ది, ఆఖర్న వెయ్యి” అంది. కూరు నింపే ముందు సగం, కోశాక సగం వేశాను. అడుగున నెయ్యిలో ఇంగువ, అల్లం. గుమ్మడి తీపిని విరవడానికి కంద ముక్కలకి పట్టిన చింతపండు చాలింది, వేరే పులుపు వెయ్యలేదు.

పక్కన గ్రేవీ మాత్రం కావాలి, లేకపోతే మూడో ముద్దకి గొంతు పట్టేస్తుంది. కొబ్బరిపాలు, జీడిపప్పు ముద్ద, మిరియాలు. దాని గురించి ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

ఖరారు చేసిన పద్ధతి (ఆరు కాయలు, 24 మందికి)

1. రెండున్నర కిలోల కాయలు ఆరు. తొడిమ చుట్టూ కత్తిని ఏటవాలుగా పెట్టి మూత కోయండి. నిలువుగా కోస్తే మూత లోపలికి పడిపోతుంది.
2. గింజలు, పీచు తీసి, లోపల కాయకి ఒక చెంచా ఉప్పు రాసి, రాత్రంతా బోర్లించండి. నీళ్ళు అవే దిగుతాయి, ఖాళీగా కాల్చే పని తప్పుతుంది.
3. కంద రెండు కిలోలు. చెక్కు తీస్తే కిలోన్నర. రెండు సెంటీమీటర్ల ముక్కలు, చింతపండు పసుపు నీళ్ళలో 10 నిమిషాలు, తర్వాత నెయ్యిలో రంగు వచ్చేదాకా.
4. ధింగిరి కిలో, ఉత్తి పెనం మీద అరకిలో పైచిలుకు మిగిలేదాకా.
5. కలాజీరా బియ్యం 720 గ్రాములు, పైన చెప్పినట్టు.
6. పలాస ముక్క జీడిపప్పు 360 గ్రాములు కూరులోకి, 40 గ్రేవీలోకి. గుండు జీడిపప్పు దండగ, ఎలాగూ లోపలే ఉంటుంది.
7. అన్నీ ఉదయం 8.30కి కలిపి వేడి చేసి, 75 డిగ్రీల మీద ఉండగానే నింపండి. మూత దగ్గర రెండు వేళ్ళ జాగా వదలండి.
8. పళ్ళెంతో సహా బట్టీలోకి. మూడు గంటలు తలుపు తీయొద్దు.

పండగనాడు

24వ తేదీ రాత్రంతా కేకులు కాల్చారు కాబట్టి బట్టీ బాగా వేడెక్కి ఉంది. 9.05కి ఆరు కాయలూ లోపలికి వెళ్ళేసరికి 185. 12.05కి తలుపు తీసేసరికి 135.

- వెనక వరుస రెండూ: నడుమ 97. ఒకటి పక్కన చీలింది.
- మధ్య రెండూ: 93. అచ్చంగా కుదిరాయి.
- తలుపు దగ్గర రెండూ: 84. అన్నం ఉడికింది, గోడ గట్టి.

ఆటోలో గతుకులకి ఒక మూత జారింది, అంతకన్నా నష్టం లేదు. చీలినదాన్ని వంటింట్లోనే ఉంచి మారు వడ్డనకి వాడాం. గట్టిగా ఉన్న రెండింటినీ ముక్కలు కోసి, గోడ వైపు ఆనేలా పెనం మీద నెయ్యితో అయిదు నిమిషాలు కాల్చితే మెత్తబడడమే కాక అంచు కరకరలాడింది. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ముందు అయిపోయినవి ఆ ముక్కలే. మంచి కాయలు మూడు బల్ల మీద పెట్టి కోశాం.

ఎదురింటి ఒడియా మాస్టారు ఉల్లి లేదు కదా అని రెండుసార్లు అడిగి, ఆ తర్వాత అడగడం మానేసి తిన్నారు. పిన్ని రెండు ముక్కలు తిని, “బాగుంది గానీ బాబూ, ఎముక లేదు” అంది. సాయంత్రం ఆమె పోరు మీద పిల్లలకి కోడి వేపుడు చేశాం, అది వేరే లెక్క.

పండగనాటి ఖర్చు

- గుమ్మడి 15 కిలోలు: 375
- కంద: 100
- పుట్టగొడుగు: 200
- కలాజీరా కిలో: 130
- ముక్క జీడిపప్పు 400 గ్రాములు: 280
- నెయ్యి: 170
- కొబ్బరికాయలు రెండు: 70
- అల్లం, చింతపండు, దినుసులు: 90
- బట్టీకి: 200

మొత్తం 1,615, అంటే మనిషికి 67 రూపాయల చిల్లర. ప్రయోగాలతో కలిపితే 2,685 రూపాయలు. అంతకు ముందు ఏడాది అయిదు కిలోల మటన్‌కే 4,000 అయింది.

ఇంకా సరిచెయ్యాల్సినవి

1. పెద్ద కాయలు వెనక, చిన్నవి తలుపు దగ్గర పెట్టాలి. కొనేటప్పుడే రెండు కిలోలవి రెండు, మూడు కిలోలవి రెండు ఏరుకోవాలి.
2. తలుపు దగ్గరి కాయలకి మూత పక్కన ఆవిరి కన్నం అక్కర్లేదు, వెనకవాటికి కావాలి. చీలినదానికి మూత బిగుసుకుపోయి ఉంది.
3. కాయల్ని ఆటోలో తెచ్చేటప్పుడు మూతకి రెండు చీపురు పుల్లలు గుచ్చాలి.
4. గ్రేవీ రెండు లీటర్లు చాలలేదు. మూడు చెయ్యాలి, జీడిపప్పు అదే కొలత, కొబ్బరి ఇంకొకటి.